పదునొకండుగురిని ఎంచిన పంతులు

తొలకరి వానలు పడి బడులు తెరచిన కొద్ది వారములకే ఖమ్మము, భద్రాచలము ప్రాంతముల పాఠశాలలకు ఆటల పోటీల ఉత్తరువులు వచ్చుచుండును. అడవి అంచున నున్న ఆశ్రమ పాఠశాలలోని వ్యాయామోపాధ్యాయునకు అప్పుడొక చిక్కు ఎదురగును. బంతి తన్నగల పిల్లలు అరువదిమంది యుందురు. ఫుట్‌బాల్ జట్టునకు కావలసినవారు పదునొకండుగురు, అదనముగా మరి నలుగురైదుగురు. చర్లనుండియు దుమ్ముగూడెము నుండియు వచ్చిన కోయ బాలురలో బూట్లు గలవా డొకడుండిన నుండును, లేకున్న లేదు. ఒక సాయంకాలము మైదానమున బంతిని వదలి, ఈల వేసి, కంటికి ఆనినవారిని ఒక ప్రక్కన నిలువబెట్టి పని ముగించుకొనుట సులభమే. కాని రెండవ ప్రక్కన మిగిలిన నలువదియైదుగురు పిల్లలును తమకు న్యాయము జరిగినదని నమ్మి ఇంటిదారి పట్టునట్లు చేయుట అంత సులభము కాదు.

ఈ చిక్కును జీవితమంతయు మోసిన ఉపాధ్యాయు డొకరు హైదరాబాదు నగరమున నుండిరి. భద్రాచలము పిల్లవాని వంటి వానిని వీధి ఆటలో చూచి ఒలింపిక్ క్రీడలదాక తీసికొనిపోయిన ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. శిష్యులందరకును ఆయన రహీం సాహెబు. 2024లో ఆయన కథను హిందీ చలనచిత్రముగా తీసినపుడు గాని నేటి విద్యార్థులలో పెక్కుమందికి ఆయన పేరు తెలియలేదు. చిత్రమున పతకముల కథ కలదు. బడిపంతులుగా ఆయన కథ మన కింకను దగ్గరిది.

రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదున జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పొంది ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించిరి. కాచిగూడ మాధ్యమిక పాఠశాల, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల ఆయన పనిచేసిన బడులు. పాఠములు చెప్పుచునే వ్యాయామ విద్యలో డిప్లొమా సంపాదించి, కడపటి రెండు బడులలో ఆటల బాధ్యతను గూడ వహించిరి. యౌవనమున తామును మంచి ఆటగాడే. అయినను ఆటగాడుగా కంటె ఆటగాండ్రను గుర్తించినవారుగానే లోకము ఆయనను ఎరుగును.

1940 తరువాతి తొలి యేండ్లలో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియైరి. అప్పటికి ఈ దేశమున ఫుట్‌బాల్ అనగా కలకత్తాయే. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ జట్ల పేర్లు పల్లెలలో గూడ వినబడుచుండెను. హైదరాబాదునందు ధనవంతమైన క్లబ్బులు లేవు. పెద్ద మైదానములు లేవు. ఉన్నది వీధులలో ఆడు పిల్లలు మాత్రమే. రహీం గారు ఆ పిల్లలనుండియే పని ప్రారంభించిరి. నగర పోలీసు జట్టునకు ఆయన శిక్షణ యిచ్చిన కాలమున ఆ జట్టు బొంబాయిలో జరుగు రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదు పర్యాయములు గెలుచుకొనెను. పోలీసు జట్టున చేరినవానికి ఆటతోపాటు ఉద్యోగము కలిగెడిది. పేదయింటి పిల్లవాడు ఆటను నమ్ముకొని బ్రతుకగలడన్న ధైర్యము తలిదండ్రులకు కలిగినది దానివలననే.

ఆయన కుర్రవాండ్రకు నడపిన పోటీలను గూర్చి ఇక్కడ కొంత నిలిచి చెప్పవలసియున్నది. వానిలో ఒకటి బంతిని కాలితో త్రిప్పుచు ఎదుటివారిని తప్పించుకొనిపోవుట నిషేధింపబడిన పోటీ. బంతి అందిన వెంటనే దానిని తోడివానికి పంపివేయవలెను. మరియొకటి అలవాటు లేని కాలితోనే ఆడవలసిన పోటీ. కుడికాలి వాడు ఎడమకాలితోనే బంతిని తన్నవలెను. చూచువారికి ఇవి వినోదముగా తోచియుండును. ఆలోచించినచో వీని లోతు తెలియును.

సాధారణముగా జరుగు ఎంపికలో ఏమగును? బంతి చిక్కిన పిల్లవాడు దానిని విడువడు. తన్ను చూచుచున్న మాస్టరు కంటబడవలెనన్న ఆత్రమున నలుగురిని తప్పించుకొనిపోయి అయిదవవానికి పోగొట్టుకొనును. నలుగురిని తప్పించిన సంగతి మాస్టరునకు జ్ఞాపకముండును; అయిదవవానికి పోగొట్టిన సంగతి మరపునకు వచ్చును. అదే సమయమున ఖాళీ చోటికి పరుగెత్తి, చేయెత్తి, బంతికై వేచి, అది రాక వెనుదిరిగిన పిల్లవాడు ఎవరి పుస్తకమునకును ఎక్కడు. బంతిని త్రిప్పరాదన్న ఒక్క నియమముతో ఈ రెండవ పిల్లవాడు వెలుగులోనికి వచ్చును. అలవాటు లేని కాలితో ఆడించినపుడు ఇంట శిక్షణ పొందినవాడును, గొడ్లను కాచుచు చింతకాయ తన్నినవాడును ఇంచుమించు ఒకే మెట్టున నిలుతురు. అప్పుడు తెలియునది ఇంతవరకు నేర్చినదెంత అని కాదు, ఇకముందు నేర్వగలదెంత అని. రహీం గారు ఈ కారణములను వ్రాసిపెట్టిరని నేను చెప్పుటలేదు. ఆ పోటీలు చేసిన పనిని చూచి నేను గ్రహించినది ఇది. నేర్పుటకై పెట్టిన పోటీలే అయినను, ఎంచుటకు గూడ అవి త్రాసువలె పనికివచ్చినవి.

ఒక్క దినపు చూపును నమ్మరాదన్నది అనుభవముగల వ్యాయామోపాధ్యాయు లందరును ఒప్పుకొను మాట. తొలినాడు గుంపును చూచి భయపడినవాడు మూడవనాడు విజృంభించును. రాత్రి జ్వరము వచ్చినవాడు, ఉదయమున ఏమియు తినక పది మైళ్ళు నడచివచ్చినవాడు ఆ పూట ఆడలేకపోవుట వాని తప్పు కాదు. మూడు సాయంకాలములు జట్లను కలిపి విడదీసి ఆడించి, ఒకరి లెక్క నొకరు చూడకుండ ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులు గుర్తులు వేసికొని, పిమ్మట కలిసి కూర్చుండిన యెడల సిఫారసునకు చోటు తగ్గును. పిల్లల చొక్కాలకు గుడ్డ పీలికలపై అంకెలు వ్రాసి కుట్టిన చాలు; కులము, ఊరు, తండ్రి పేరు తెలియనక్కరలేదు. ఏడవ అంకె వాడు బాగుగ ఆడినాడా లేదా అన్నదే లెక్క.

రహీం గారి కన్ను ఎట్టిదో తెలిపుటకు తులసీదాస్ బలరాం కథ ఒక్కటి చాలును. సికిందరాబాదు సమీపమున అమ్ముగూడ గ్రామమున ఒక పేద తమిళ కుటుంబమున బలరాం పుట్టెను. బూట్లు కొను శక్తి లేక, పోలీసుల పాత బూట్లను చెప్పులు కుట్టువానిచేత సరిచేయించుకొని ఆడిన బాలు డతడు. స్థానికముగా జరిగిన ఆటలో రహీం గారు అతనిని చూచి, సంతోష్ ట్రోఫీ జట్టు ఎంపికకు హైదరాబాదునకు రమ్మనిరి. కుర్రవానికి సంతోషమునకు బదులు దిగులు పట్టుకొనెను. ఊరినుండి మైదానమునకు దినదినము వచ్చుటకు సైకిలు అద్దెకైనను చేతిలో డబ్బు లేదు. సంగతి తెలిసికొని రహీం గారు ఆ అద్దె డబ్బు తామే ఇచ్చి అతనిని రప్పించిరి.

ఆ సైకిలు అద్దె లేకున్న భారతదేశమునకు బలరాం లేడు. ఎంపికకు పిలుపు అందరకును సమానముగనే వచ్చుచున్నదని మనము చెప్పుకొనవచ్చును. పిలుపు సమానమే, దారిఖర్చు సమానము కాదు. చర్ల పిల్లవాడు కొత్తగూడెము మైదానమునకు చేరవలెనన్న గోదావరి దాటి, బస్సు మారి, ఒక పూట భోజనము బయట చేయవలెను. ఉదయము తొమ్మిది గంటలకు ఎంపిక అని ఉత్తరువున వ్రాసినవాడు తొలి బస్సు ఎప్పుడు బయలుదేరునో కనుగొనకుండ వ్రాసినచో, ఆ ఎంపిక ఉత్తరువు నాడే సగము ముగిసినట్లు.

1951 మార్చిలో తొలి ఆసియా క్రీడలు ఢిల్లీ నగరమున జరిగినపుడు రహీం గారు భారత జట్టునకు శిక్షకులు. శైలేన్ మన్నా నాయకుడు. తుది ఆటలో మేవాలాల్ వేసిన ఒక్క గోలుతో ఇరాను జట్టును గెలిచి మనవారు స్వర్ణ పతకము పొందిరి. మరుసటి సంవత్సరము హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా మనకు వేసినవి 10 గోళ్ళు. మనము వేసినది ఒకటి. చలిలో, తడిసిన పచ్చికపై మనవారిలో కొందరు వట్టి కాళ్ళతో ఆడిరి. ఆ పరాభవము తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సంఘము బూట్లను తప్పనిసరి చేసెను. నియమము మంచిదే. అయితే దానివలన మరియొక చిక్కు వచ్చినది: బూట్లు కొనలేనివాని గతి ఏమి? పోలీసుల పాత బూట్లతో బలరాం దానిని దాటెను. దాటలేని పిల్ల లెందరో. మన అడవి బడులలో నేటికిని ఈ ప్రశ్న పాతబడలేదు. ఎంపికనాడు కొందరు బూట్లతోను కొందరు వట్టి కాళ్ళతోను ఒకే బంతికై దిగినపుడు వట్టి కాళ్ళవాడు సహజముగనే వెనుకాడును. దానిని పిరికితనమని వ్రాసికొనుట అన్యాయము. అందరకును సరిపడు బూట్లు లేనపుడు ఆ పూట అందరి బూట్లును విప్పించుట ఒక దారి.

వయస్సు సంగతి ఇంకొకటి. పుట్టిన తేదీ తెలియని పిల్లలకు బడిలో చేర్చుకొను నాడు జూన్ నెల తేదీ నొకదానిని వ్రాయుట మన గ్రామములలో ఎన్నడో స్థిరపడిన అలవాటు. పాఠశాలల జట్లకై 1960లో సుబ్రతో కప్పు ప్రారంభమైన దాది వయోపరిమితిని గూర్చిన వివాదములు వినబడుచునే యున్నవి. ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య 2009లో పదునేడేండ్ల లోపు వారి పోటీలకు మణికట్టు ఎముకల పరీక్షను ప్రవేశపెట్టినది. తేదీ సరియైనదే అయినను చిక్కు తీరదు. ఒకే తరగతి వయస్సులో సంవత్సరారంభమున పుట్టినవాడు సంవత్సరాంతమున పుట్టినవానికంటె పదునొకండు నెలలు పెద్ద. పండ్రెండేండ్ల ప్రాయమున అది గొప్ప అంతరము. కెనడా దేశపు మంచు హాకీ ఆటగాండ్ర జన్మదినములను 1980 తరువాత పరిశీలించినవారు, ఎంపికైనవారిలో సంవత్సరపు తొలి నెలలలో పుట్టినవారే ఎక్కువగా నుండుట కనుగొనిరి. పొడుగు, బరువు చూచి నేర్పని భ్రమించుట ఒక్క మన దేశపు దోషము కాదన్నమాట.

1956 నాటికి రహీం గారి తర్ఫీదు ఫలము పూర్తిగా కనబడెను. 1956-57, 1957-58 సంవత్సరములలో హైదరాబాదు జట్టు వరుసగా రెండుసార్లు సంతోష్ ట్రోఫీ గెలిచెను. మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలకు పోయిన భారత జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం మొదలగు హైదరాబాదువా రుండిరి. బలరాం వయస్సు అప్పటికి ఇరువదికి అటునిటు మాత్రమే. జట్టు నాయకుడు బెంగాలుకు చెందిన సమర్ బెనర్జీ. హంగరీ జట్టు రానందున తొలి ఆట జరుగలేదు. డిసెంబరు 1న ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను మనవారు 4-2 గోళ్ళతో ఓడించిరి. అందు నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు వేసెను. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒకే ఆటలో మూడు గోళ్ళు వేసిన తొలి ఆసియావాసి అతడే. తరువాతి ఆటలో యుగోస్లావియాపై మొదటి గోలు గూడ మనదే. కడకు 4-1తో ఓటమి కలిగెను. కంచు పతకమునకై జరిగిన ఆటలో బల్గేరియా 3-0తో గెలిచెను. మనకు నాల్గవ స్థానము దక్కెను. హెల్సింకిలో పది గోళ్ళు తిన్న దేశము నాలుగేండ్లలో చేరిన స్థానమిది.

ఇచట రహీం గారి ఇంటి సంగతి యొకటి ముచ్చటింపవలెను. ఆయన కుమారుడు సయ్యద్ అబ్దుల్ హకీం గూడ ఫుట్‌బాల్ ఆటగాడే. 1960లో రోము ఒలింపిక్ క్రీడలకు పోయిన జట్టులో అతని పేరు కలదు. శిక్షకుడు తండ్రి. ఇట్టి సందర్భమున లోకులు ఏమనుకొందురో, ఏ పంతులు బిడ్డ ఆ పంతులు జట్టులోనే చేరినపుడు తోడి పిల్లలు ఏమి గుసగుసలాడుదురో మన ఉపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కరలేదు. రోములో భారత జట్టు మూడు ఆటలాడెను. హంగరీతో 2-1తో ఓడెను. ఫ్రాన్సుతో 1-1గా సమముగా ముగిసెను. పెరూతో 3-1తో ఓడెను. ఈ మూడింటిలో ఒక్కదానియందైనను హకీంకు ఆడు అవకాశము రాలేదు. రెండేండ్ల తరువాత జకార్తాకు పోయిన జట్టులో అతని పేరే లేదు. తండ్రి ప్రక్క బల్లపై కూర్చుండి మూడు ఆటలు చూచిన ఆ కుమారుని మనస్సు ఎట్లుండెనో ఊహించుట కష్టము కాదు. కుమారుడైనందున దూరముంచుట గూడ ఒక విధమైన అన్యాయమే కావచ్చునని వాదించువా రుందురు. ఆ వాదము తీసివేయదగినది కాదు. కాని ఆ మూడు ఆటలలో హకీంను ఆడించి ఓడియుండినచో, రహీం గారు తరువాత ఏ కుర్రవానిని పనికిరావని చెప్పినను వాడు నమ్మియుండడు. హకీం వాయుసేనలో ఉద్యోగము చేసి, అంతర్జాతీయ రిఫరీయై, శిక్షకుడై, 2021 ఆగస్టులో మరణించెను.

1962 నాటికి రహీం గారి దేహమున క్యాన్సరు వ్యాధి ప్రవేశించియుండెను. ఆ స్థితిలోనే ఆయన జట్టుతో జకార్తాకు పయనమైరి. చునీ గోస్వామి నాయకుడు. తొలి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2-0తో ఓడించెను. థాయిలాండుతో జరిగిన ఆటలో మనవారు 4-1తో గెలిచిరి గాని, వెనుక వరుసకు స్తంభమువంటి జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. జపానుపై 2-0తో గెలిచి మనవారు సెమీఫైనలుకు చేరిరి.

తలకు కుట్లు పడిన బ్యాకును ఏమి చేయవలెను? కూర్చుండబెట్టుట లోకరీతి. రహీం గారు అతనిని ముందు వరుసకు తెచ్చి సెంటర్ ఫార్వర్డుగా నిలిపిరి. చూచువారికి ఇది సాహసముగ కనబడియుండును. తన ఆటగాడు పూర్వము ఏ యే చోట్ల ఆడెనో, ఏమి చేయగలడో చిన్ననాటినుండి వ్రాసికొన్న లెక్కవలె జ్ఞాపకముంచుకొన్న శిక్షకునకు అది సాహసము కాదు. దక్షిణ వియత్నాముపై సెమీఫైనలు 3-2తో గెలిచిరి.

సెప్టెంబరు 4న తుది ఆట. ఎదుట మరల దక్షిణ కొరియా. ఇజ్రాయేలు, తైవాను దేశములకు ఆ క్రీడలలో ప్రవేశము నిరాకరింపబడుటను భారతీయుడైన గురుదత్ సోంధి ఆక్షేపించినందున ఇండొనేషియా ప్రజలు మనపై ఆగ్రహముతో నుండిరి. దాదాపు లక్షమంది ప్రేక్షకులు నిండిన మైదానమున మనవారి పాదము కదిలినప్పుడెల్ల గేలి కేకలు వినబడెను. జ్వరముతో బాధపడిన పీటర్ తంగరాజు గోలు కాచుటకు లేచివచ్చెను. పదునేడవ నిమిషమున ప్రదీప్ కుమార్ బెనర్జీ, మరి కొద్ది నిమిషములకే తలకట్టుతో నున్న జర్నైల్ సింగు గోళ్ళు వేసిరి. కొరియా చివర ఒక్కటి తిరుగవేసెను. 2-1. స్వర్ణము మనది. కంఠము చించుకొని అరచిన ఆ లక్షమంది నడుమ, బల్లపై కూర్చున్న బడిపంతులు దేహబాధను దిగమ్రింగి ఆటను చూచుచుండిరి.

తరువాతి వేసవిలో, 1963 జూన్ 11న, రహీం గారు హైదరాబాదున కన్నుమూసిరి. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరములు. బలరాం గూడ అనారోగ్యముచే ఆ సంవత్సరమే ఆట విరమింపవలసి వచ్చెను. ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టు 1970లో కంచు పతకము తెచ్చినది. స్వర్ణము మరల రాలేదు. బలరాం 2023 ఫిబ్రవరి 16న కాలధర్మము చెందెను. సైకిలు అద్దె ఇచ్చి తన్ను ఎంపికకు రప్పించిన గురువును ఆతడు అరువదియేండ్లు మించి జ్ఞాపకముంచుకొని చెప్పుచు వచ్చెను.